సిద్దయ్యను సిద్దయ్య నుంచి కాపాడతాం

ఇబ్రహీంపట్నం

గౌరవనీయులైన సిద్దయ్య గారికి,

మీ పేరు, వీధి చూసి మీ బాధేమిటో మా కృత్రిమ మేధ కనిపెట్టింది. పక్కనున్న రేకుల షెడ్డులో ఆదివారం మైకు పెట్టి అరిచే బోధకుడి వల్ల మీకు నిద్ర లేదు. మా రమాకాంత్ గారు కౌన్సిలరైన వారంలోనే షెడ్డు తీయిస్తారు.

ఇట్లు,
రమాకాంత్ ఎన్నికల కార్యాలయం

తా.క. ఈ మాట మీ ఒక్కరికే చెబుతున్నాం.

* * *

తమ్ముడు రమాకాంత్‌కు,

అరిచే బోధకుణ్ని నేనే. పేరు మా తాత పెట్టిండు, ప్రభువును నేను పట్టుకున్న. ఒక్కొక్క రేకు మోసి కట్టుకున్న షెడ్డు అది. యూదుడు, గ్రీకువాడు అన్న తేడా లేదన్నడు పౌలు. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం వద్దన్నడు మోషే. నీ యంత్రానికి ఇద్దరూ తెల్వరా?

ప్రభువులో నీ అన్న,
సిద్దయ్య

తా.క. నిద్ర లేదంటవా? నా ప్రసంగం మొదలైతే అందరూ పడుకునుడే. వచ్చి చూడు.

* * *

గౌరవనీయులైన బ్రదర్ సిద్దయ్య గారికి,

పొరపాటు దిద్దుకున్నాం. మీరు క్రైస్తవులు గనుక మీ బాధ కూడా మార్చాం. పక్కింటి టైలర్ అజీముద్దీన్ కుట్టుమిషను చప్పుడుకు మీ ప్రార్థన సాగడం లేదు. ఆయన్ని ఊరు దాటించి బొంగులూరు అవతలికి పంపిస్తాం.

ఇట్లు,
రమాకాంత్ ఎన్నికల కార్యాలయం

తా.క. మీ ఇంటి పెద్దలు పౌలు గారికి, మోషే గారికి ఇంకా ఓటు లేదు. వెంటనే నమోదు చేయించండి.

* * *

ఓడిపోయిన తమ్ముడు రమాకాంత్‌కు,

పోలింగుకు ముందు ఆదివారం వీధంతా తమ తమ ఉత్తరాలు పట్టుకొని షెడ్డుకు వచ్చింది. అన్నీ మైకులో చదివిన. నా కోసం అజీముద్దీన్‌ను పంపిస్తవట, అజీముద్దీన్ కోసం మా వీధిల మేకలు పెంచే కాశయ్యను, కాశయ్య కోసం నన్ను. ఎవరి ఉత్తరంలోనూ పంపిస్తమని లేనిది నిన్నొక్కణ్నే. ఆ కొరత మేం తీర్చినం.

ప్రభువులో నీ అన్న,
సిద్దయ్య

తా.క. మోషే పోయి శానా ఏండ్లయింది. ఆజ్ఞలు మాత్రం అందరికీ ఒక్కటే తెచ్చిండు, ఇంటికో రకం తేలే.

* * *

గౌరవనీయులైన సిద్దయ్య గారికి,

గెలిచిన అరుణ మేడం కూడా రమాకాంత్ గారి కృత్రిమ మేధనే వాడుతున్నారు. పాత ఉత్తరాలన్నీ మా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిని మీరే మైకులో వినిపించారు, వీధంతా కూర్చుని విన్నది. కాబట్టి పక్కవాళ్లను పంపించడానికి అందరూ ఒప్పుకున్నట్లుగా నమోదు చేసుకున్నాం. మేడం ఎవరి కోరికనూ కాదనరు.

ఇట్లు,
కౌన్సిలర్ అరుణ కార్యాలయం

తా.క. మతం, కులం చూడకుండా జేసీబీ సోమవారం అందరి ఇళ్లకూ వస్తుంది.