ముందు ఎవరికి వడ్డించాలి

అవ్వా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నేనిప్పుడు మన గని కార్మికుల లైన్ ఇళ్లలోనే అంగన్‌వాడీ టీచర్ని. కాన్వెంటులో నోరు తెరవని నేను తల్లులకు చెప్పే పనిలో ఉన్నానంటే నువ్వు నవ్వుతావు.

గని మూతపడినా నీ వంటింటి పద్ధతి ఇక్కడ పోలేదు. షిఫ్టుకు పోయేవాళ్లకే మొదటి వడ్డన. ఇప్పుడు మగవాళ్లు నరసాపురం కంపెనీ బస్సెక్కుతున్నారు, అంతే తేడా. రెండేళ్ల గీత మూడు నెలలుగా బరువు పెరగలేదు. పాపకని నేనిచ్చిన గుడ్లు ఏమవుతున్నాయో చూద్దామని ఒక పొద్దున ఇంటికే వెళ్లాను.

"ఆయనకు బస్సు టైం అవుతాది టీచరమ్మా. ఇదేమో అడగనే అడగదు," అంది తల్లి మునెమ్మ.

పుస్తకాల్లో చదివిందేదీ నోటికి రాలేదు. నువ్వు గుర్తొచ్చావు. "ఈ నెల పాపకు కూడా మార్నింగ్ షిఫ్టు ఉండాదనుకోమ్మా," అన్నాను.

"ఏ కంపెనీలో?" అని మునెమ్మ నవ్వింది.

"ఇంగ నాకన్నా ముందు దాని బస్సే పోవల్ల," అంటూ తండ్రి తన పళ్లెంలోని గుడ్డు తీసి గీత ముందు పెట్టాడు.

ఇవాళ తూకంలో గీత బరువు పెరిగింది. ఇంటింటికీ ఇదే మాట చెబుతాను. పని చేస్తుందని నాకు నమ్మకం.

సాయంత్రం మళ్లీ వెళ్లి, "నువ్వెప్పుడు తింటావమ్మా?" అని మునెమ్మను అడిగాను. అడుగున కాస్తే మిగిలిన సంగటి గిన్నెలోకి చూసింది ఆమె. చిన్నప్పుడు పుస్తకం పట్టుకుని నీ పక్కనే కూర్చునేదాన్ని. నువ్వు తినడం ఒక్కసారీ చూడలేదు.

మునెమ్మ తినేదాకా నేను గడప దిగలేదు.

నీ మనవరాలు