తెల్లపక్షి చచ్చిపోయిందా, ఎగిరిపోయిందా

ఏలూరు

చెల్లెలు పుష్పలతను అన్నయ్య వీర్రాజు దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ, బావగారూ, మీ చెరువుల్లో చేపలూ క్షేమమని తలుస్తాను.

ఫోన్ చెయ్యకుండా కార్డు రాశాడేమిటి అనుకోకు. నీతో మాట్లాడినప్పుడల్లా నాకు బీపీ పెరుగుతోందని మీ వదిన నీ నంబరు తీసేసింది. కానీ ద్వారకా తిరుమల పెళ్లిలో మొదలైన సంగతి తేలకపోతే నాకు అన్నం సహించదు. "ఏడు తలుపుల కోట" సినిమాలో రాకుమారుణ్ణి వీపు మీద సముద్రం దాటించిన తెల్లపక్షి, చివర్లో రాక్షసుడి బాణం తగిలి అతని ఒళ్లోనే ప్రాణం విడిచింది. చూసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు, నీకు ఐదు. ఎవరికి బాగా గుర్తుంటుందో నువ్వే ఆలోచించు.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క.: తెల్లపక్షి చచ్చిపోయింది. నిజం ఒప్పుకో. నీకు కంటి చూపు తగ్గిందని ఈ రెండు ముక్కలూ పెద్ద అక్షరాలతో రాశాను.

కైకలూరు మండలం

అన్నయ్యకు పుష్పలత నమస్కారాలు. నీ కార్డు వచ్చేదాకా మేం క్షేమంగానే ఉన్నాం.

పక్షి చావలేదు. కోట చుట్టూ మూడుసార్లు తిరిగి మబ్బుల్లోకి ఎగిరిపోయింది. ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ పడవ కట్టించుకుని మరీ వెళ్లి చూసిన సినిమా అది. పక్షిని చంపేస్తే అంతమందీ రెండోసారి ఎందుకు వెళ్తారు?

ఆ సంగతి అలా ఉంచు. నీ పెద్ద అక్షరాలు మా పోస్ట్‌మ్యాన్ ఏసుబాబు నాకంటే ముందు చదివాడు. టీ కొట్టు దగ్గర చెప్పాడు. చెరువుల మీద వాలి చేపలు తింటాయని గూడబాతులంటే మాకు కోపమని ఊరందరికీ తెలుసు. అవీ తెల్లగానే ఉంటాయి కదా. సాయంత్రానికి పక్షుల రక్షణ కేంద్రం గార్డు మా గుమ్మంలో ఉన్నాడు. "ఏమండీ, ఎక్కడ పూడ్చారండీ?" అని మెత్తగా అడిగాడు. మీ బావగారు కాఫీ ఇచ్చి సినిమా కథంతా చెప్పారు.

ఉంటాను,
పుష్పలత

తా.క.: గార్డు కూడా ఆ సినిమా చూశాడట. పక్షి ఎగిరిపోయిందనే అన్నాడు. అన్నాక చెరువు గట్టంతా వెతికాడు.

ఏలూరు

చెల్లెలు పుష్పలతకు అన్నయ్య ఆశీస్సులు.

జరిగింది తెలిసి బాధపడ్డాను. ఈసారి కవరు అంటించి పంపుతున్నాను. అయితే గార్డు వచ్చాడని సినిమా మారదు. పక్షి చచ్చిపోయిన మాట వాస్తవం. నీకు మాట రాకుండా విడిగా ఒక కాగితం రాసి సంతకం పెట్టి ఇందులో ఉంచాను. గార్డుగారికి చూపించు, ఇక మీ జోలికి రాడు. వచ్చే నెల నా షష్టిపూర్తికి మీరంతా ముందురోజే రావాలి. ఆడపడుచువి, హారతి నువ్వే ఇవ్వాలి.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క.: కాగితంలో ఇలా రాశాను: "పక్షి చావుకీ మా చెల్లెలికీ ఏ సంబంధమూ లేదు. దాన్ని చంపినవాడు వేరే ఉన్నాడు. నేను కళ్లారా చూశాను."

కైకలూరు మండలం

గౌరవనీయులైన వీర్రాజు గారికి నమస్కారములు.

తమరి కాగితం గార్డుకి చూపించాం. ఆ చంపినవాడి పేరు చెప్పమన్నాడు. రాక్షసుడని మీ బావగారు చెప్పారు. అది మారుపేరనుకుని, ఏ వీధిలో ఉంటాడని అడిగాడు. కళ్లారా చూసిన సాక్షి మీరే కనుక మీ ఏలూరు అడ్రసు కూడా రాసుకు వెళ్లాడు.

పక్షి చావలేదని మీరు సొంత చేత్తో రాసిచ్చేవరకూ నేను మీ షష్టిపూర్తికి రాను. హారతికి ఇంకెవరినైనా పిలుచుకోండి.

భవదీయురాలు,
పుష్పలత

తా.క.: ఈ ఉత్తరమంతా మిమ్మల్ని "మీరు" అనే రాశాను. గమనించగలరు.

ఏలూరు

చెల్లెమ్మా,

"మీరు" అన్న మాట చదివాక ఇంట్లో కూర్చోలేకపోయాను. తాడేపల్లిగూడెంలో ఆ సినిమా మళ్లీ వేస్తున్నారని తెలిసి, మీ వదినను తీసుకుని వెళ్లాను.

హాలంతా పిల్లలే. కోట అట్టముక్కలని తెలిసిపోతోంది. పక్షికి కట్టిన తీగలు కనిపిస్తున్నాయి. మొదట్లో పిల్లలు నవ్వారు. అది సముద్రం మీద రెక్కలు విప్పేసరికి హాల్లో చప్పుడు లేదు. నా పక్కన కూర్చున్న పాప తినే పాప్‌కార్న్ నోటి దగ్గరే ఆపేసింది. నేనూ అంతే. అరవై ఏళ్లొచ్చాయని ఆ కాసేపూ గుర్తు రాలేదు.

చివర్లో పక్షి ఎగిరిపోయింది. నువ్వు చెప్పినట్టే కోట చుట్టూ మూడుసార్లు తిరిగింది. పొరపాటు నాది. గార్డుగారికి వేరే కాగితం పెట్టాను: "ఏ పక్షీ చావలేదు. నేను చూసింది సినిమాలో." ఇక కోపం మాని రా.

మీ అన్నయ్య

తా.క.: ఈ ఉత్తరంలో తనూ ఒక ముక్క రాస్తానంది మీ వదిన. పెన్ను ఇవ్వలేదు.

కైకలూరు మండలం

అన్నయ్యా,

కాగితం చదివి గార్డు నవ్వుకుంటూ వెళ్లాడు. ఆ బాధ తీరింది.

అంత పెద్ద అబద్ధం ఎలా రాయగలిగావురా అన్నయ్యా? నీ ఉత్తరం రాకముందే మా మనవరాలు సుమన ఫోన్‌లో ఆ సినిమా పెట్టించుకుంది. పక్కన కూర్చుని నేనూ చూశాను. రాక్షసుడు విల్లు ఎత్తేసరికి నా చెయ్యి దానంతటదే లేచి, పిల్ల మొహం మీద కొంగు కప్పింది. "అమ్మమ్మా, పక్షేదీ?" అంది. "కోట చుట్టూ మూడుసార్లు తిరిగి ఎగిరిపోయిందమ్మా" అన్నాను. అన్నాక తెలిసింది, ఆ మాట నాది కాదు. ఆ రోజు హాల్లో అమ్మ నాకు చెప్పిన మాట. ఆ సీను నేను అసలు చూడనేలేదు. నువ్వు పెద్దవాడివని నిన్ను ఏడవనిచ్చింది కాబోలు.

ముందురోజే వస్తున్నాం. సుమన నిన్ను అడిగితే, నాకు రాసినట్టే చెప్పు.

నీ చెల్లెలు,
పుష్ప

తా.క.: ఇప్పుడే మా అమ్మాయి చెప్పింది. నా చీర పల్చన కదా, కొంగులోంచి సుమన అంతా చూసిందట. "అమ్మమ్మ ఏడుస్తుంది, తనకి చెప్పొద్దు" అని వాళ్లమ్మ దగ్గర మాట తీసుకుందట. నాకు తెలిసిపోయిందని నువ్వు దానితో అనకు.