పొలమారిన పేరు

ఫిబ్రవరి 9, ఆదివారం

రెండో ఆల్బమ్ మొదలుపెట్టాను. మొదలుపెట్టానని నాకు నేనే నచ్చజెప్పుకోవడానికి ఈ నోట్‌బుక్ కొన్నాను. ఇప్పటికైతే నోట్‌బుక్ ఒక్కటే ఉంది.

మొదటి ఆల్బమ్ ‘ఘాటు’ వచ్చి రెండేళ్ళు. ఎనిమిది పాటలూ మా నాన్నని తిట్టినవే. పేరు పెట్టలేదు గానీ, పదకొండేళ్ళ కిందట అమ్మనీ నన్నూ వదిలేసి దర్శిలో ఇంకో సంసారం పెట్టుకున్న లారీ డ్రైవర్ మార్క్ గురించేనని గుంటూరులో మా పేటంతటికీ తెలుసు. కాలేజీ ఫెస్టుల్లో వెయ్యిమంది నాతో కలిసి మా నాన్నని తిడుతుంటే ఎంత హాయిగా ఉండేదో. అబద్ధం ఎందుకు, చాలా హాయిగా ఉండేది. ఇప్పుడు మైక్ ముందు నిలబడితే తిట్లు రావడం లేదు. అయిపోయినట్టున్నాయి.

అమ్మ ‘ఘాటు’ ఒక్కసారి కూడా వినలేదు. చెవినొప్పి అంది. రెండేళ్ళుగా అదే చెవినొప్పి.

ఫిబ్రవరి 17

అమ్మ క్యారేజీ మర్చిపోతే షెడ్డుకి పట్టుకెళ్ళాను. కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డు. పన్నెండుమంది ఆడవాళ్ళు ఎర్రటి కుప్పల మధ్య కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తుంటారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఇవాళ కళ్ళు మండి మూసుకున్నాను. అప్పుడు వినబడింది.

టిక్. టిక్ టిక్. టిక్.

వాన మొదలయ్యే ముందు రేకుల మీద పడే చినుకుల్లాగా. ఎవరి ధోరణిలో వాళ్ళు తీస్తారు, అయినా ఒక్కోసారి అన్నీ ఒకే బీట్ మీదికి వస్తాయి, కాసేపు అలా నడిచి మళ్ళీ విడిపోతాయి. నిలబడే నిద్రపోయినంత పనైంది. క్యారేజీ చేతిలోనే ఉండిపోయింది, అమ్మ వచ్చి లాక్కుంది.

ఆల్బమ్ పేరు ‘తొడిమ’.

ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 3

రికార్డర్‌ని అమ్మ పక్కన గోనెసంచి మీద పెట్టి వదిలేశాను. మూడు గంటలు. టిక్ టిక్ బ్రహ్మాండంగా వచ్చింది. దగ్గులు కూడా వచ్చాయి.

దగ్గులతో వాళ్ళకో ఆట ఉంది. అన్నం తింటూ పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతాం కదా. వీళ్ళు మిరపకాయల దగ్గుకి కూడా అదే కట్టారు. ఒకామె దగ్గగానే మిగతావాళ్ళు పేర్లు అందిస్తారు. అత్తగారు, మేస్త్రి, పాలవాడు, ఎవరైనా సరే. ఏ పేరు దగ్గర దగ్గు ఆగితే వాళ్ళు తలుచుకున్నట్టు. పొద్దుట్నుంచీ దగ్గుతూనే ఉన్నాం, జిల్లా అంతా మనల్నే తలుచుకుంటోందా వదినా అని అమ్మని అడిగింది పక్కన కూర్చునే నజీరా అత్త. అందరూ నవ్వారు. నవ్వితే మళ్ళీ దగ్గు.

అమ్మ దగ్గినప్పుడు మాత్రం ఎవరూ పేరు అందించరు. అది మర్యాద.

మార్చి 2, వినుకొండ

మాలిక్ గదిలో ఉన్నాను. నా పాటలు మిక్స్ చేసేది అతనే. దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు వాళ్ళది. మేడ మీద గదికి నాలుగు వైపులా పాత పరుపులు నిలబెట్టాడు. అదే స్టూడియో. లోపల ఏం మాట్లాడినా మాట వెనక్కి రాదు, పత్తిలోకి పోయి అక్కడే పడుకుంటుంది. కింద వాళ్ళ నాన్న ఏకుతున్న దూది మెట్లెక్కి వచ్చి కీబోర్డు మీద వాలుతుంది. ఊదేసుకుని పని చేస్తాం. మిట్టమధ్యాహ్నం కూడా కలలో ఉన్నట్టే ఉంటుంది.

టిక్ టిక్‌ని బాగా స్లో చేశాం. కింద పొడవాటి బాస్ ఒకటి. ఎవరినీ తిట్టకుండా, గుసగుసకి కొంచెం పైన పాడాను. ఈ గొంతు నాదేనా అనిపించింది. మాలిక్‌కి దగ్గులు నచ్చలేదు. ఇంత డ్రీమీగా ఉన్న సౌండ్‌లో దగ్గులేంటి, తీసేద్దాం అన్నాడు. సరే అన్నాను.

మార్చి 3

తీసేశాడు. కడిగిన అద్దంలా ఉంది.

మార్చి 5, ఉదయం 11

బస్సులో రాస్తున్నాను, అక్షరాలు వంకర.

మాలిక్ సాఫ్ట్‌వేర్ తీసేసిన దగ్గులన్నిటినీ ఇంకో ఫైల్‌లో పోస్తుంది. పాట ఫైల్ ఇవ్వబోయి నాకు అది ఇచ్చాడు. నరసరావుపేట దాటాక పెట్టుకున్నాను. రోడ్డుకి రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి, చెవుల్లో దగ్గులు. నవ్వొచ్చింది. అన్నిటికంటే దగ్గరగా వినిపించేది అమ్మది. పొడిగా రెండు, ఆగి ఒకటి. దాని వెనకాల ఊపిరి లాంటిదేదో. వాల్యూమ్ పెంచాను. ఊపిరి కాదు.

మార్క్.

మళ్ళీ రెండు, ఆగి ఒకటి. మార్క్. నెత్తిన మెల్లగా తట్టుకున్న చప్పుడు.

మూడు గంటల్లో పంతొమ్మిది సార్లు. నా స్టాప్ దాటిపోయింది.

మార్చి 6

పంతొమ్మిది సార్లు! వెళ్ళిపోయిన మనిషి దర్శిలో కూర్చుని రోజంతా తనని తలుచుకుంటున్నాడని ఈవిడ నమ్మకం. ఒళ్ళు మండిపోతోంది. మరి ఆ ఎనిమిది పాటలూ నేను ఎవరి తరఫున పాడినట్టు? అమ్మ తరఫున అనుకున్నాను. నన్నెవరు అడిగారు?

చెవినొప్పట, చెవినొప్పి.

మార్చి 11

ఏమీ చేయలేదు.

మార్చి 13

మాలిక్‌కి చెప్పాను. వాడు సంగీతం మనిషి, మనసు సంగతి తర్వాత. ఆ పేరు లూప్ చేస్తే ఆల్బమ్ ఎక్కడికో వెళ్ళిపోతుందన్నాడు. చేసి చూశాం. నిజంగానే ఎక్కడికో వెళ్ళింది. పరుపుల మధ్య అమ్మ గొంతు, మార్క్, మార్క్, కింద బాస్. నేను చేసినవాటిలో ఇంత మంచిది ఇంకోటి లేదు. ఏడ్చాను కూడా. దీన్ని అమ్మని అడక్కుండా బయటపెడితే నేనూ ఆ మార్క్ కూతుర్నే.

మార్చి 16, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక అమ్మకి ఇయర్‌ఫోన్స్ పెట్టి ఆ పేరున్న పాట వినిపించాను. గుమ్మంలో కూర్చుని కళ్ళు మూసుకుని మొత్తం వింది. చెవినొప్పి అనలేదు. అయ్యాక ఇయర్‌ఫోన్స్ వైరు చక్కగా చుట్టింది, చుట్టి చాలాసేపు చేతిలోనే పెట్టుకుంది.

“దగ్గు ఉంచుకోవే. అది షెడ్డులో అందరిదీ. పేరు మాత్రం తీసెయ్. అది నాది.”

పేరు చెబితే దగ్గు ఆగుతుందా అని అడిగాను. ఆగినప్పుడు ఆగుద్ది అంది. కోపం లేదా నీకు అన్నాను. ఉన్నదంతా నువ్వు పాడేశావుగా, ఇంకా నాకేం మిగిల్చావు అంది. అలా అని బియ్యం కడగడానికి లేచింది.

ఏప్రిల్ 1

మాలిక్‌కి ఏడుపొక్కటే తక్కువ. తీసిన దగ్గులన్నీ మళ్ళీ పెట్టించాను. పేరున్న పంతొమ్మిది చోట్లా ఖాళీ. అక్కడ టిక్ టిక్ ఉండదు, బాస్ కూడా ఆగుతుంది. ఏదో ఒకటి నింపుదామని బతిమాలాడు. ససేమిరా అన్నాను.

ఏప్రిల్ 20, ఈస్టర్

‘తొడిమ’ వచ్చింది. ఈ రోజే రావాలని అమ్మ కోరిక.

ఏప్రిల్ 27

కారం తగ్గిందక్కా. తిట్లెక్కడక్కా. నిద్రమాత్ర మింగి పాడావా అక్కా. ఇవీ కామెంట్లు. ఒకడు వింటూ నిజంగానే నిద్రపోయానని, చాన్నాళ్ళకి మంచి నిద్ర పట్టిందని రాశాడు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

హైదరాబాద్‌లో ఒకాయన రివ్యూలో ఆ ఖాళీల గురించే నాలుగు పేరాలు రాశాడు, ఒక్కటీ అర్థం కాలేదు. రాజధానికి పొలాలిచ్చిన తుళ్లూరు నుంచి ఎవరో మెసేజ్ పెట్టారు, ఆ ఖాళీలు మా పొలాలే కదా అని. కాదని చెప్పబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 29

షెడ్డులో నజీరా అత్త ఫోన్‌ని డబ్బా మీద పెట్టి ‘తొడిమ’ వేసింది. పని ఆపలేదు ఎవరూ. పాటలో టిక్ టిక్, చేతుల్లో టిక్ టిక్, ఏది ఏదో తెలియలేదు. పాటలో దగ్గు వచ్చి ఖాళీ రాగానే ఒకామె ‘మేస్త్రి’ అని అందించింది. తర్వాతి ఖాళీకి ఇంకొకామె ఇంకో పేరు. ఎవరూ చెప్పకుండానే ఆడేస్తున్నారు. పాట అక్కడ పూర్తయింది, మాలిక్ చూడలేదు పాపం. అమ్మ మాత్రం తల వంచుకుని తొడిమలు తీస్తూనే ఉంది.

మే 11, మధ్యాహ్నం 1

తెలియని నంబర్. నాన్న.

పదకొండేళ్ళుగా ఈ ఫోన్ కోసం తిట్లు దాచిపెట్టుకున్నాను. ఒక్కటీ రాలేదు. ‘ఘాటు’ ఊసెత్తలేదాయన. కొత్త క్లీనర్ లారీలో పాటలు పెడుతుంటే విన్నాడట. వెనకాల లారీ హారన్లు.

“జెస్సమ్మా, మీ అమ్మకి ఆ దగ్గు ఇంకా తగ్గలేదా?”

పన్నెండుమంది దగ్గుల్లో.

ఫోన్ పెట్టేశాను.

మే 12

అమ్మకి చెబితే ఆశ పెట్టినట్టు. చెప్పకపోతే దొంగిలించినట్టు. పేరు ఆవిడదైతే ఆ ఫోన్ కూడా ఆవిడదే.

ఆయన మీద కోపం పోలేదు. ఉంది. ఉండనీ.

మే 14

అమ్మ అన్నం తింటుంటే పొలమారింది. రెండు, ఆగి ఒకటి. నెత్తిన తట్టి, పేరు నేనే చెప్పాను.

ఆగిపోయింది. ముద్ద చేతిలో పట్టుకుని అమ్మ నా వైపే చూస్తోంది.