వెళ్ళొస్తా

శనివారం, ఐర్లండ్, విక్లో కొండల్లో సెలవుల హట్

సుధ పోయాక నాకూ కావ్యకూ ఇవే మొదటి సెలవులు. ఈ హట్ సుధే బుక్ చేసింది. రద్దు చేయడానికి మనసొప్పలేదు.

పొద్దున ఇక్కడికొచ్చిన పిల్లల నడుముకు శిక్షకులు తాళ్లు కట్టి కొండరాయి ఎక్కించారు. వంతు రాగానే కావ్య, "నాన్నా, పోతున్నా" అంది.

అలవాటుగా దిద్దాను. "పోతున్నా అనకూడదమ్మా. వెళ్ళొస్తా అనాలి."

నా వైపు చూసింది. "బట్ అమ్మ సెడ్ వెళ్ళొస్తా. బిఫోర్ ది ఆపరేషన్."

సరిగ్గానే ఉన్న హెల్మెట్ పట్టీని మళ్ళీ బిగించాను.

సగం ఎక్కి, "ఐయామ్ గ్రాండ్, నాన్నా!" అని అరిచింది, బాగానే ఉన్నానని ఇక్కడివాళ్ల మాటలో. నేను చెయ్యి మాత్రం ఊపాను.

దిగగానే పరుగున వచ్చి నా నడుము చుట్టేసింది. ఆ 'పోతున్నా' తప్ప అంతా ఇంగ్లీషులోనే మాట్లాడే పిల్ల, ఈసారి తెలుగులో చెప్పింది.

"వచ్చేశా, నాన్నా."