అగ్రహారంలో ఒక గది

మైసూరు, జూన్ 4

ప్రియమైన మీకు ప్రమోద నమస్కారాలు.

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వకండి. మొన్న మీరు ఫోన్ చేసినప్పుడు నేను "ఆ, చెప్పండి" అన్నానో లేదో, అమ్మకు మెలకువ వచ్చింది. "ఎవరే, అల్లుడా?" అంటూ కొంగు తలమీదికి లాక్కుని మంచం దిగబోయింది. తుంటి ఎముక విరిగి, పక్కన మనిషి లేకుండా లేవద్దని డాక్టరు చెప్పిన మనిషి! అల్లుడి ఎదుట అత్త పడుకోకూడదు, కూర్చోకూడదు, నోరు తెరిచి మాట్లాడకూడదు. మన పెళ్లయి పాతికేళ్లు దాటినా బాగేపల్లిలో మా పుట్టింట్లో ఆమె మీతో మాట్లాడింది తలుపు చాటు నుంచే, అదీ నాతో చెబుతున్నట్టుగా. ఇప్పుడు ఫోన్లో ఉన్న అల్లుడికి కూడా లేచి నిలబడాలట. నేను ఆమెను పట్టుకుని పడుకోబెట్టే లోపల మీరు ఫోన్ పెట్టేశారు.

ఇక్కడ తమ్ముడు నందీశ్ ఇంట్లో ఉన్నది ఒక హాలు, ఒక గది. హాల్లో అమ్మ మంచం, కింద నా చాప. రాత్రి పిలిస్తే నాకు వినపడదేమోనని పాత చీర పేలిక ఒకటి ఆమె చేతికీ నా చేతికీ కట్టుకున్నాం. నీళ్లకు లాగుతుంది, పక్కకు తిప్పమని లాగుతుంది, ఒక్కోసారి నేను ఉన్నానో లేదో చూడటానికి లాగుతుంది. మార్చి నుంచి ఇదే. తమ్ముడు పగలంతా ఊదుబత్తీల అంగట్లో నిలబడతాడు, మరదలు మేఘకు ఆఫీసు. వాళ్లను ఏమని అడగను? అమ్మను చూసుకుంటానని వచ్చిందే నేను.

మీరు వచ్చి రెండు రోజులు ఉండండి. ఇంట్లో వద్దు, అమ్మ మంచం దిగుతుంది. హోటల్లో ఉందాం. కోట పక్కన పాత వీధుల్లో చాలా ఉన్నాయి, నేను చూసి పెడతాను. నిద్ర కావాలని తమ్ముణ్ణి అడగలేను. మా ఆయన వచ్చాడని మాత్రం అడగగలను.

మీ
ప్రమోద

*

చింతామణి, జూన్ 10

ప్రియమైన ప్రమోదకు,

ఉత్తరం అందింది. మనిద్దరిదీ కన్నడ బడి చదువే అయినా నీ తెలుగు అక్షరాలు ఇంకా గుండ్రంగానే ఉన్నాయి. నావి చూసి నవ్వుకో, పర్వాలేదు.

బామ్మర్ది ఉన్న ఊళ్లో లాడ్జిలో దిగితే రేపు నందీశ్ మొహం ఎట్లా చూడాలి? బాగేపల్లిలో నలుగురూ "ఏమప్పా, మీ ఇంట్లో బావకు జాగా లేదా?" అని వాణ్నే కదా అడుగుతారు. పైగా ఇది టమాటా నారు పోసే కాలం. మన విత్తనాల అంగట్లో నిలబడటానికి చోటు లేదు. నిన్న రైతు వెంకటరాయప్ప వచ్చి, నేను పొట్లం కట్టేది చూసి, "ఆయమ్మ యాడికి పోయినాదప్పా? నువ్వు సగం నేల మీదనే చల్లుతాండావు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి పోతే నవ్వు రాలేదు.

అయినా చూస్తానంటున్నావు కాబట్టి చూడు. మెట్లు ఎక్కువ ఉండకూడదు, నా మోకాలి సంగతి నీకు తెలుసు. స్నానాల గది లోపలే ఉండాలి. కాఫీ దగ్గర్లో దొరకాలి.

ఇంకొక మాట. హాల్లో అత్తమ్మ మంచం తలుపుకు ఏ పక్కన ఉంది? తల ఎటు పెడుతుంది?

నీ
పురుషోత్తమ్

*

మైసూరు, జూన్ 17

ప్రియమైన మీకు,

హోటల్ గురించి రాస్తే మంచం గురించి అడుగుతారేం? వాస్తు చూస్తారా? సరే, వినండి. తల లోపలి గది గోడ వైపు, కాళ్లు వీధి వైపు. లోపలి గది తలుపు ఆమె తల వెనక పడుతుంది. చాలా?

సాయంత్రం మేఘ ఇంటికొచ్చాక కూరగాయలకని సంచీ పట్టుకుని బయటపడి రెండు హోటళ్లు చూసొచ్చాను. మొదటిది ప్యాలెస్ వెనక. ఒకప్పుడు ఎవరో పెద్ద అధికారి బంగళా అట. గుమ్మం దగ్గర తలపాగా మనిషి వంగి దండం పెడితే నేను సంచీ వెనక్కి దాచుకున్నాను. ఎత్తు స్తంభాలు, కర్ర మెట్లు, గోడల నిండా రాజుల పటాలు. మంచం ఎంత ఎత్తంటే ఎక్కడానికి పీట వేశారు. పరుపు మీద చేయి పెడితే మోచేతి దాకా దిగిపోయింది. కానీ అంతమంది రాజులు కళ్లు తెరుచుకుని చూస్తుంటే మనకు కళ్లు మూతపడవు.

రెండోది మార్కెట్ ఎదురుగా. పరుపు గట్టిది, దిండ్లు కొత్తవి, దుప్పటి ఎండలో ఆరిన వాసన వేస్తోంది. కిటికీ తెరిస్తే మల్లెపూలు. ఇదే తీసుకుందామనుకుంటుండగా గది చూపించిన మనిషి, తెల్లారకముందే పూల లారీలు వస్తాయనీ, వేలం పాటల అరుపులకు అలారం అవసరం లేదనీ గొప్పగా చెప్పాడు. దండం పెట్టి వచ్చేశాను.

అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదు. నిన్న మాత్రం, "అల్లునికి అన్నం ఎవరు చేసిపెడ్తాండారే? పాపం, ఆయప్ప నోరు తెరిచి అడగడు" అంది. తెరవరు కదా మీరు. ఏ వారం వస్తారో రాయండి.

మీ
ప్రమోద

*

చింతామణి, జూలై 1

ప్రియమైన ప్రమోదకు,

ఈ వారం కుదరదు. వచ్చే వారమూ చెప్పలేను. రైతులు పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నారు.

ఆ లోపలి గది తలుపు పూర్తిగా మూసుకుంటుందా, సందు ఉంటుందా? మీరు కట్టుకునే పేలిక ఎంత పొడవు?

అన్నం వండుకుంటున్నాను. చారు కుదురుతోంది, పప్పు మాడుతోంది.

నీ
పురుషోత్తమ్

*

మైసూరు, జూలై 5

ప్రియమైన మీకు,

నేను ఒకటి అడుగుతాను, మీరు ఇంకొకటి అడుగుతారు. తలుపు వానకు ఉబ్బి సరిగ్గా మూసుకోదు. పేలిక సగం చీర పొడవు. కొలిచి పంపమంటే అదీ పంపుతాను. వస్తారా రారా అన్నది మాత్రం మీ దగ్గర నుంచి రాదు.

హోటల్ దొరికింది. ఇక చూడను. అగ్రహారంలో ఒక సందు చివర పాత మిద్దె. ముందు అరుగు, లోపల పైకప్పు లేని తొట్టి వాకిలి, పైన నాలుగు గదులు. సందులోకి ఆటో కూడా రాదు. మెట్లు మీ మోకాలికి ఎక్కువే, నాకు తెలుసు. చూసుకునే ఆయన పేరు దేవరాజ్, మన శ్రీనివాసపురం పక్క మనిషి. గది తలుపు తీసి, ఫోన్ వస్తే కిందికి పోయాడు. పరుపు ఎట్లా ఉందో చూద్దామని అంచున కూర్చున్నాను. తర్వాత నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి వీధి దీపాలు వెలిగాయి. సంచీలో పాలకూర వాడిపోయింది. చెప్పులతోనే పడుకున్నాను, అన్యాయంగా ఆ తెల్ల దుప్పటి మీద.

సిగ్గుతో కిందికి దిగితే దేవరాజ్, "నిద్ర పట్టిందామ్మా? గది చూస్తామని రోజూ ఎవురో ఒకరు వస్తాంటారు. పండుకున్నోళ్లు మీరొక్కరే" అన్నాడు. కాఫీ ఇచ్చాడు. అది తాగుతుంటే ఏడుపొచ్చింది. ఎందుకని అడిగితే చెప్పలేను.

ఇంటికి పోతే అమ్మ నన్ను పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంది. మేఘ ఆఫీసు బట్టల్లోనే కూర్చుని ఆమె కాళ్లు పడుతోంది. అదే కష్టంగా ఉంది. నాకు నిద్ర కావాలండీ. అమ్మ మీద విసుగు పుట్టకముందే కావాలి. నిన్న పేలిక లాగితే పలకకుండా కాసేపు అట్లాగే పడుకున్నాను. వింటూనే ఉన్నాను, పలకలేదు. నాకు నన్ను చూస్తే భయమేసింది.

రాకపోతే రానని రాయండి.

ప్రమోద

*

చింతామణి, జూలై 10

ప్రియమైన ప్రమోదకు,

ఆ గదే తీసుకో. వచ్చే శని, ఆదివారాలు. ఇద్దరి పేర్లూ చెప్పు. ఆ రెండు రోజులూ మేఘకు సెలవు, నేను ఫోన్‌లో మాట్లాడాను. నువ్వు పొద్దున్నే పోయి గదిలో ఉండు. చింతామణి నుంచి మొదటి బస్సుకు బయలుదేరుతున్నాను.

కోపం ఉంటే అక్కడే పడదాం.

నీ
పురుషోత్తమ్

*

అగ్రహారం హోటల్ కౌంటర్లో, శనివారం

ప్రియమైన ప్రమోదకు,

దేవరాజ్ ఈ కవరు ఇస్తాడు. నిన్న రాత్రి బస్సుకే వచ్చేశాను. నువ్వు చేరేలోపల ఇది ఇక్కడ పెట్టాలని. నా కోసం చూడొద్దు. నేను గదికి రావడం లేదు.

నీ ఉత్తరాలన్నీ రెండేసిసార్లు చదివాను. ఏ హోటల్లోనూ నేను ఎక్కడ కూర్చుంటానో రాయలేదు. అన్నింట్లోనూ పరుపు రాశావు, దిండు రాశావు, దుప్పటి రాశావు. కొంచెం బాధేసింది, అబద్ధమెందుకు? తర్వాత ఆలోచించాను. నేను ఆ గదిలో ఉంటే ఏం చేస్తావు? కాఫీ తెప్పిస్తావు, మోకాలికి నూనె రాస్తావు, అంగడి సంగతులు వింటూ మేలుకుంటావు. నువ్వు అడిగిన రెండు రోజులూ నాకే పోతాయి.

అందుకని నందీశ్‌కు ఫోన్ చేశాను. "అక్క నాకెందుకు చెప్పలేదు బావా? నేనేమన్నా పరాయోడినా?" అన్నాడు. "నువ్వు యాడ అడిగినావప్పా?" అన్నాను. తర్వాత, శని, ఆదివారాలు అంగడి మూసేస్తానన్నాడు. ఎత్తడం, తిప్పడం, తినిపించడం అన్నీ తనూ మేఘా చూసుకుంటారు. పగలంతా అలసి వాళ్లు మొద్దునిద్ర పోతారేమోనని వాళ్లకే భయం. ఆ కాపలా నేను కాస్తాను.

ఎట్లా అంటావా? లోపలి గదిలో, తలుపు వెనక కుర్చీ వేసుకుంటాను. నువ్వు చెప్పినట్టే ఆ తలుపు అత్తమ్మ తల వెనక ఉంది, సందు ఉంది. పేలిక ఆ సందులోంచి వస్తుంది, నా చేతికి కట్టుకుంటాను. ఆమె లాగితే పక్కనే పడుకున్న నందీశ్‌ను లేపుతాను. నేను కనపడను, ఆమె లేవక్కర్లేదు. ఇన్నేళ్లు ఆమె తలుపు చాటున నిలబడి నా అన్నం, నా కాఫీ చూసింది. ఇప్పుడు చాటున ఉండే వంతు నాది.

బామ్మర్ది ఇంట్లోనే దిగుతున్నాను కాబట్టి ఊళ్లో మాట కూడా రాదు. ఆడపడుచు లాడ్జిలో ఉందంటే మాత్రం నువ్వే జవాబు చెప్పుకో.

పోయి పడుకో. చెప్పులు విప్పి.

నీ
పురుషోత్తమ్

*

మైసూరు, ఆదివారం

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చదివి కౌంటర్ దగ్గరే కూర్చుండిపోయాను. ఇంటికి పరుగెత్తుకు పోదామని లేచాను కూడా. దేవరాజ్ అడ్డం నిలబడి, "పైకి పోండమ్మా, ఆయప్ప నా దగ్గర మాట తీసుకున్యాడు" అన్నాడు.

పడుకున్నాను. మధ్యలో ఎవరో మణికట్టు లాగినట్టయి "ఆ, అమ్మా" అంటూ లేచి కూర్చున్నాను. చేతికి ఏమీ లేదు. చాలాసేపు ఆ చేతిని చూస్తూ కూర్చుని, మళ్లీ పడుకున్నాను. నందీశ్ ఇడ్లీలు తెచ్చి తలుపు కొట్టినప్పుడు శనివారం సాయంత్రమేమో అనుకున్నాను. ఆదివారం పొద్దున అట.

వాడే చెప్పాడు. తెల్లవారుజామున అమ్మ పేలిక లాగిందట. మీరు వాణ్ని లేపబోతుంటే, అమ్మ తల తిప్పకుండా, కొంగు సర్దుకుని, తలుపు వైపు చెప్పిందట: "ఏమీ వద్దప్పా. కాఫీ తాగినారా అని అడిగేదానికి లాగినా." చాటున ఉన్నది మీరని ఆమెకు మొదటి నుంచీ తెలుసు! మీతో నేరుగా మాట్లాడింది, పాతికేళ్లకు. అప్పుడు నేను నిద్రపోతున్నాను. నందీశ్ చెబుతుంటే మళ్లీ ఏడ్చాను, ఈసారి ఎందుకో నాకు తెలుసు.

ఇది నందీశ్ చేతికే ఇస్తున్నాను. ఈ రాత్రి పేలిక తను కట్టుకుంటానన్నాడు. మీరు కూడా కుర్చీలో ఎంతసేపని కూర్చుంటారు? ఇక్కడికి రండి. మెట్లు మెల్లగా ఎక్కండి, గోడ పట్టుకోండి. రెండో దిండు నేను ముట్టుకోలేదు, అటు పక్క దుప్పటి మడత కూడా విప్పలేదు.

తలుపుకు గడియ పెట్టను. నేను నిద్రలో ఉంటే లేపకండి.

మీ
ప్రమోద