ఐదంకెలు, ఖాళీ, ఐదంకెలు

ఏప్రిల్ 22, 2024. నిర్మల్
మూడు నెలలుగా మా ఆయన రాజం ఫోన్ స్విచ్ఛాఫ్. సౌదీలో గొర్రెలు కాసే పనికి పెట్టారని చివరిసారి చెప్పాడు, అంతే. డీటీపీ సెంటర్‌లో పొద్దంతా ఊరోళ్ల పెళ్లికార్డులు కంపోజ్ చేస్తాను. ఇవాళ నా మొగుడు కనబడుటలేదని పోస్టర్ కూడా నేనే చేసుకున్నాను.

గల్ఫ్ సంఘం భానుప్రసాదన్న అరబిక్ మ్యాటర్ వాట్సాప్ చేశాడు. నాకు ఒక్క ముక్క రాదు. పేస్ట్ చేస్తే లైన్లు కుడి నుంచి నడిచాయి, కర్సర్ నొక్కిన వైపు పోదు. ఏడ్చినంత పనైంది. కింద నా నంబర్ కొట్టాను, కార్డుల్లో అలవాటే కదా, ఐదంకెలు, ఖాళీ, ఐదంకెలు. ఫికర్ చెయ్యకు చెల్లె, గక్కడి దుకాణాలన్నిట్ల అంటిపిస్త అన్నాడు అన్న.

మే 3
ఫోన్ రాలేదు.

మే 19
రాలేదు. స్నానానికి పోయినా ఫోన్ తలుపు దగ్గరే పెట్టుకుంటున్నాను. వాడు మనల్ని యాది మర్చిండేమో నవతా అంది అత్త పోశవ్వ. నోర్ముయ్ అనేశాను. అత్తని అంత మాట ఎన్నడూ అనలేదు.

జూన్ 10
ఉర్దూ మాస్టారు కూతురి పెళ్లికార్డు ప్రూఫ్ పట్టుకొచ్చారు. బేటా, తెలుగుల మంచిగనే ఉన్నది, ఉర్దూల మా నంబర్ ఉల్టా పడ్డది అన్నారు. నిజమే. చివరి ఐదంకెలు ముందుకొచ్చాయి. కుడి నుంచి నడిచే లైనులో మధ్య ఖాళీ ఉంటే ముక్కలు తారుమారవుతాయి. ఖాళీ తీసేస్తే సరైంది.

ఆయన పోగానే నా పోస్టర్ ఓపెన్ చేశాను. అయ్యో దేవుడా. నా రెండు ముక్కలూ తొమ్మిదితోనే మొదలవుతాయి. తిరగేసినా అది ఎవరిదో ఒకరి నంబరే.

అదే రోజు, మధ్యాహ్నం
ఆ నంబర్‌కి చేశాను. ఇచ్చోడలో గంగుబాయి అట. ఎవరో మగాయన నాలుగుసార్లు చేసిండు, నవత ఉన్నదా అని, గీడ నవత గివత ఎవ్వరు లేరు, మల్ల చెయ్యకు అని తిట్టిన అంది. జర చూడు అక్కా, గాడనే ఉండాలె అన్నాడట.

ఆయన చేసిన నంబర్ ఇచ్చింది. అక్కడ కిరాణా దుకాణం. దుకాణమాయన హిందీలో చెప్పాడు. రాజం ఫోన్ యజమాని గుంజుకున్నాడట. నంబర్లు ఎవరికి నోటికొస్తాయి ఈ రోజుల్లో? దుకాణం గోడ మీద పోస్టర్‌లో తన ఫోటో చూసుకుని, కిందున్న నంబర్‌కి చేశాడట. సామానుకు శుక్రవారమే వస్తాడట. అంటే నాలుగు శుక్రవారాలు.

జూన్ 14, శుక్రవారం
దుకాణం నంబర్‌కి చేశాను. రాజమే ఎత్తాడు. నవతను అన్నాను. అడిగాడు, లేవన్నరు గదా, ఏడికి పోయినవని.