రేవుపేట హాజరు కాగితం

ఆగస్టు 21, 2024. బుధవారం

ఇరవై మంది వస్తే గొప్ప అనుకున్నాను. నలభై ఒక్కమంది వచ్చారు.

పరిశోధన కోసం పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడించే ఫోకస్ గ్రూప్ అంటే సెమినార్లలో ఏసీ గది, గుండ్రటి బల్ల, మినరల్ వాటర్ సీసాలు. రేవుపేటలో అలా కాదు. చేపలు ఎండబెట్టే ఇసుక దిబ్బ మీద నెత్తళ్లు ఒక పక్కకి జరిపి, టార్పాలిన్ కింద కూర్చున్నాం. కాకుల్ని తోలే కర్ర ఒకటి చేతులు మారుతూ ఉంది. మాట్లాడాలనుకున్న మనిషి ముందు ఆ కర్ర అందుకునేది. ఎవరూ నేర్పకుండానే మైకు తయారైంది.

అందరినీ పోగుచేసింది గంగాలమ్మ. యాభై దాటిన మనిషి. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని గాజువాక వీధులన్నీ తిరిగి అమ్ముతుంది. పేటలో ఆవిడ మాటకి విలువుంది. నన్ను ఇంటింటికీ తిప్పి, ఈయమ్మ సదువుకున్నది, మన మాట ఇంటాదట, రండి అని పిలుచుకొచ్చింది.

ద్వారకా నగర్‌లో డీటీపీ చేయించిన కాగితం బయటికి తీశాను. పైన 'మహిళల సమావేశం, రేవుపేట' అని, కింద తేదీ, హాజరైనవారి పేర్లు. యూనివర్సిటీ పేరూ ముద్రా చూస్తే సర్కారు కాగితం అనుకుని జంకుతారని వాటిని నేనే తీసేయించాను. అంత తెలివి నాది.

గంగాలమ్మ బొటనవేలికి ఇంకు రాసుకుని ఆగింది. ఈ ఏలిముద్ర ఎక్కడికి ఎల్తాదమ్మా అని అడిగింది. ఎక్కడికీ వెళ్లదు, నా బీరువాలోనే ఉంటుంది అన్నాను. మొదటి ముద్ర ఆవిడ వేసింది. మిగతావాళ్లు ఆవిడని చూసి వేశారు. ఆవిడ కోడలు రాధ ఇంటర్ చదివింది, సంతకం పెట్టింది.

వార్డు మీటింగులకి వెళ్తారా అని అడిగితే ఒకావిడ నవ్వింది. మీటింగు ఉందని మాకు తెలిసేసరికి అది అయిపోతాదమ్మా అంది. ఈ ఒక్క మాట మీద పేపర్ రాయొచ్చు. రాస్తాను.

సెప్టెంబర్ 12

వార్డు ఆఫీసుకి నాలుగోసారి వెళ్లాను. ఐదేళ్ల మీటింగు రిజిస్టర్లు కావాలి. ఇదివరకు మూడుసార్లూ తాళంచెవి వేరేవాళ్ల దగ్గరుందన్నారు.

ఇవాళ ఎల్లారావు అనే ఉద్యోగి దొరికాడు. మంచిగానే మాట్లాడాడు. టీ తెప్పించాడు. ఆయనకీ ఒక ఇబ్బంది ఉందట. మూడు నెలలకోసారి ఆడవాళ్ల మీటింగు పెట్టినట్టు ఫైలులో చూపించాలి, ఈసారి పెట్టలేదు, తనిఖీకి వస్తున్నారు. మొన్న మీరు రేవుపేటలో పెట్టారట కదా మేడమ్, ఆ హాజరు కాగితం జిరాక్స్ ఒకటి ఇస్తే నా పని గడిచిపోతుంది అన్నాడు. ఉత్త ఫార్మాలిటీ అన్నాడు.

ఇచ్చాను. గంటలో రిజిస్టర్లన్నీ నా ముందున్నాయి. ఐదేళ్ల బంగారం. సగం పేజీలు ఖాళీ, మిగతా సగంలో అవే పన్నెండు సంతకాలు. ఒక్క పేజీ వదలకుండా ఫోన్లో ఫొటోలు తీసుకున్నాను.

సెప్టెంబర్ 13

కాగితం ఇచ్చేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎందుకో ఇక్కడ రాసి పెట్టుకోవాలనిపించింది.

నవంబర్ 17

పేపర్ యాక్సెప్ట్ అయింది. ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ఇంటర్వ్యూ. ఈ పేపర్ ఉంటే ఢోకా లేదని మా హెచ్.ఓ.డి. అన్నారు.

మా ఆయనకి చెప్పాను. శ్రీరామ్మూర్తి స్టీల్ ప్లాంటులో మెకానిక్. ఇరవై రెండేళ్లుగా షిఫ్టూ యూనియనూ తప్ప వేరే లోకం లేదు. పేపర్ దేనిమీద అని అడిగాడు. వార్డు పాలనలో అట్టడుగు ప్రజల భాగస్వామ్యం అన్నాను. మన కూర్మన్నపాలెం ఇల్లు ఎన్నో వార్డు అని అడిగాడు. నాకు తెలియదు. తిన్నది అరిగేదాకా నవ్వాడు.

నాకూ నవ్వొచ్చింది. అప్పటికి అది నవ్వే విషయమే.

జనవరి 9, 2025. ఉదయం 11

క్లాసులో ఉండగా రాధ ఫోన్. బయటికి వచ్చి మాట్లాడాను.

దిబ్బ మీద కర్ర పాతి నోటీసు అంటించారట. అక్కడ వాహనాల పార్కింగు కడతారట. చేపలు ఎండబెట్టేవాళ్లు నెలలోగా ఖాళీ చెయ్యాలి. అభ్యంతరాలుంటే ఫిబ్రవరి ఏడున ఆఫీసులో చెప్పుకోవచ్చు. అయితే స్థానిక మహిళలు సమావేశమై దీనికి ఏకగ్రీవంగా ఒప్పుకున్నారని నోటీసులోనే ఉందట. వెనక జతచేసిన కాగితంలో నలభై ఒక్క పేర్లు.

వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. పేర్ల కంటే ముందు తేదీ చూశాను. ఆగస్టు 21.

ఆ రోజు మీరొచ్చిన రోజే కదా మేడమ్, ఆఫీసోళ్లు కూడా వచ్చారేటి అని అడిగింది రాధ. నాకు తెలీదమ్మా, కనుక్కుంటాను అన్నాను.

నాకు తెలీదమ్మా. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో.

క్లాసుకి తిరిగి వెళ్లి, వార్డు కమిటీలకి చోటిచ్చిన డెబ్భై నాలుగో రాజ్యాంగ సవరణ చెప్పాను. బాగానే చెప్పాను.

జనవరి 10

ఎల్లారావు దగ్గరికి వెళ్లాను. గట్టిగా అడగాలనుకున్నాను. ఆయన గొంతు పెంచలేదు. నేనూ పెంచలేకపోయాను.

"మీరిచ్చిన కాయితమే కదా మేడమ్. పైన ఒక్క ముక్క రాయమన్నారు, రాసినాను. నానేటి సెయ్యగలను?"

ఆ ముక్క చూపించాడు. 'మహిళల సమావేశం, రేవుపేట' అన్న నా అక్షరాల కింద, కొద్దిగా ఖాళీ ఉన్నచోట, చేతిరాత: పార్కింగు ప్రతిపాదనను ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. ఆ ఖాళీ యూనివర్సిటీ పేరు తీసేయించిన చోటు.

నేను లేచేటప్పుడు, మీ పేరు ఎక్కడా లేదు మేడమ్, బెంగెట్టుకోకండి అన్నాడు.

బస్టాపులో నిలబడ్డాక గమనించాను, ఆ మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది. గంగాలమ్మ గుర్తురాలేదు, దిబ్బ గుర్తురాలేదు. నా పేరు లేదు, అమ్మయ్య. అంతే. ఇన్నేళ్లలో నన్ను చూసి నాకు ఇంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

జనవరి 11

దిబ్బ పోతే వాళ్లు నెత్తళ్లు ఎక్కడ ఎండబెడతారు? డాబాల మీద అనుకుందామంటే డాబాలు ఎవరికున్నాయి? ఎండబెట్టే చోటు లేకపోతే పచ్చి చేప సాయంత్రంలోగా అడిగిన రేటుకి వదిలించుకోవాలి. నా పేపర్ మూడో సెక్షన్‌లో ఇదంతా నేనే రాశాను. ఫుట్‌నోట్లతో సహా.

జనవరి 20

గాజువాక మార్కెట్ దగ్గర గంగాలమ్మ కనిపించింది. నెత్తిన గంప, చెమటతో ముఖమంతా తడిసి ఉంది. నడిచి వచ్చిందట. పేట ఆడవాళ్లు ఐదారుగురు కలిసి షేర్ ఆటో మాట్లాడుకుని రావడం అలవాటు. బస్సులో ఎండుచేపల గంప ఎక్కనివ్వరు. ఇప్పుడు ఆవిడని ఆటో ఎక్కించుకోవడం లేదు.

ఆ రోజు పిలుచుకొచ్చింది ఆవిడ, మొదటి ముద్ర ఆవిడది. దిబ్బని గంగాలమ్మే ఆఫీసుకి అమ్మేసిందని అంటున్నారట. పక్కింటి చిట్టమ్మ ముప్పై ఏళ్ల స్నేహితురాలు, ఆవిడ కూడా తన చేపలు దూరంగా జరుపుకుందట.

రోడ్డు పక్కన నిలబెట్టి ఒకే మాట అడిగింది.

"నువ్వు సదువుకున్నదానివి. ఏడో తారీకున వొచ్చి, ఆ మీటింగు దేనికి ఎట్టినామో ఒక్క మాట సెప్పమ్మా. నీ మాట ఇంటారు."

వస్తానన్నాను. వస్తాను అన్నాను కానీ చెప్తాను అనలేదు. మనిషి ముఖం చూస్తూ కూడా మాటలు తూచి వాడటం నాకు వచ్చు.

జనవరి 26

సెలవు. మా ఆయనకి అంతా చెప్పేశాను. వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు. వింటూ కడుగుతూనే ఉన్నాడు. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగాడు.

మా యూనియన్లో ఎవడైనా ఇలాంటి పని చేస్తే ఏం చేస్తామో తెలుసా అన్నాడు. ఏం చేస్తారని అడిగాను. "ఏటీ సెయ్యం. ఆడితో టీ తాగడం మానేత్తాం."

ఏడున వెళ్లి చెప్పేయమన్నాడు. పదిన ఇంటర్వ్యూ అన్నాను. తెలుసు అన్నాడు.

ఫిబ్రవరి 3

ఆఫీసుకి ఇవ్వడానికి ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. సమ్మతి, సమాచార గోప్యత, పరిశోధనా విలువలు. చదివి చూస్తే ఆ కాగితం దానంతటది నడిచి ఆఫీసుకి వెళ్లినట్టుంది. చింపేశాను.

ఫిబ్రవరి 7. మధ్యాహ్నం 3

ఇప్పుడే వచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పేట నుంచి పన్నెండుమంది వచ్చారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఎల్లారావు నన్ను చూసి నమస్కారం పెట్టాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు చుట్టూ చూశాను, ఎవరైనా చూశారేమోనని. బల్ల దగ్గర పెద్ద ఆఫీసరు. ఆయన చిరాకుగా కూడా లేడు, భోజనం వేళ అవుతోంది అన్నట్టున్నాడు.

గంగాలమ్మ లేచి, ఈ దిబ్బ ఇవ్వడానికి మేము ఒప్పుకోలేదు బాబూ అంది. ఆయన కాగితం తీసి ఆవిడ చేతికిచ్చాడు. ఈ వేలిముద్ర నీదా కాదా అన్నాడు.

ఆవిడ దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. కాదంటే అయిపోయేది. జిరాక్స్‌లో మసిమరక, ఎవరు తేలుస్తారు?

"నాదే బాబూ" అంది. "ఏసినది నానే. దీనికి మాత్రం ఎయ్యలేదు."

మరి దేనికి వేశావన్నాడు.

ఆవిడ మాట్లాడలేదు. పేట ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. చెప్పవే, నోరు పడిపోయిందా అని చిట్టమ్మ పైకే అంది. ఆవిడ మాట్లాడలేదు. 

నేను లేవాలి. అది నేను లేవాల్సిన సమయం. మోకాళ్లు పని చెయ్యలేదని రాస్తే అబద్ధం. బాగానే పనిచేశాయి, ఆఫీసరు అభ్యంతరం కొట్టేసి భోజనానికి లేచాక వాటి మీదే నడిచి బస్సెక్కాను.

ఆ నిమిషంలో నేనేం చేస్తున్నానో ఇప్పుడు నోట్‌బుక్ తెరిచి చూశాను. నా చేతిరాతే. తేదీ, స్థలం, హాజరు పన్నెండు. కింద: 'పార్టిసిపెంట్ 1: మౌనం.'

ఫిబ్రవరి 10

ఇంటర్వ్యూ అరగంట జరిగింది. భాగస్వామ్యానికి మీ నిర్వచనం ఏమిటని అడిగారు. హాజరు కావడం భాగస్వామ్యం కాదు, కాదనగలగడం భాగస్వామ్యం అన్నాను. బోర్డులో ఒక పెద్దాయన ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు.

ఫిబ్రవరి 12

సెలెక్ట్ అయ్యానట. హెచ్.ఓ.డి. కాకినాడ కాజా తెప్పించారు. ఒకటి తిన్నాను. రెండోది కూడా తిన్నాను.

ఫిబ్రవరి 14

రేవుపేట వెళ్లాను. గంగాలమ్మ గుమ్మంలో కూర్చుని ఉప్పు పట్టించిన చేపలు కడుగుతోంది. రాధ నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది.

నిలబడే చెప్పాను. ఆ కాగితం ఆఫీసుకి ఇచ్చింది నేనే, రిజిస్టర్ల కోసం ఇచ్చాను, ఇలా చేస్తారని తెలియక ఇచ్చాను, తెలిశాక కూడా నోరెత్తలేదు. ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవడానికి కూడా నాకు అర్హత లేదనిపించి ఆపుకున్నాను.

ఆవిడ చెయ్యి ఆగలేదు. తెలుసమ్మా అంది. నోటీసు అంటించిన రోజునే రాధ కాగితం గుర్తుపట్టిందట. రాధ నాకు ఫోన్ చేసింది తెలియక కాదు, నేను ఏమంటానో విందామని.

మరి ఆఫీసులో ఎందుకు చెప్పలేదు, ఒక్క మాటతో మీ మీద నింద పోయేది కదా అన్నాను.

"నిన్ను పేటకి తెచ్చినది నాను. అందరి ముందర నిన్ను నాను ఎలాగ సూపెడతాను? నువ్వే లేచి సెప్తావని సూసినాను. ఎనక్కి తిరిగి రెండుసార్లు సూసినానమ్మా."

నేను చూడలేదు. తల వంచుకుని రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 17

చేతులు కాలాక ఆకులు. అయినా రాశాను, ఈసారి పది వాక్యాలు. ఆ కాగితం నాది, పరిశోధన కోసం పెట్టిన సమావేశానిది, దిబ్బ ఊసే అక్కడ రాలేదు, వార్డు ఆఫీసుకి ఇచ్చింది నేను. పది వాక్యాల్లో ఆరు 'నేను'తో మొదలయ్యాయి. పెద్ద ఆఫీసరు చదివి, ఇది పదిరోజుల ముందు వస్తే బాగుండేదన్నాడు. నోటీసు తాత్కాలికంగా ఆపుతారట, మళ్లీ పిలిచి వింటారట. కాపీ మీద ముద్ర వేసి ఇచ్చారు. ఇంకో కాపీ యూనివర్సిటీకి పంపాను. పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని ఎడిటర్‌కి మెయిల్ పెట్టాను. సాయంత్రానికల్లా హెచ్.ఓ.డి. మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి ఎత్తాను. ఎథిక్స్ కమిటీ ముందుకి రావాలి, ప్రమోషన్ ఆర్డరు ఆగుతుందన్నారు. సరే సార్ అన్నాను.

మా ఆయన టీ పెట్టి ఇచ్చాడు. తను తాగలేదు.

ఫిబ్రవరి 23. ఆదివారం

దిబ్బ మీద ముప్పైమంది దాకా ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి చెప్పాను. ఎవరూ తిట్టలేదు. చిట్టమ్మ జరిగి గంగాలమ్మకి పక్కన చోటిచ్చింది.

వచ్చేస్తుంటే గంగాలమ్మ వెనకాలే వచ్చి మెల్లిగా అడిగింది.

"ఇది కూడా రాసుకుంటావేటమ్మా?"

రాసుకోనన్నాను.